అత్తిముగంలో పులి మేకల ప్రోగ్రాము

హోసూరు

హోసూరు చూడ్డానికి ఎవరూ పనిగట్టుకుని పోరు. ఫ్యాక్టరీల్లో పనున్నవాళ్లు పోతారు, గులాబీలు కొనేవాళ్లు పోతారు, బెంగళూరు నుంచి సేలం వెళ్లే బస్సులో కూర్చున్నవాళ్లు కాఫీకి దిగుతారు. నేను మొదటి రకం. తొంభైల చివర్లో హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. జీతాల లెక్క, సరుకుల లెక్క, ఎవరేది అడిగితే అది. హోసూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో మా ప్రోగ్రాము ఎక్కించి రమ్మన్నారు. ఆ పని గురించి ఒక్క ముక్క కూడా రాయను. చదివేవాళ్లకు నిద్రొస్తుంది, నాకూ వచ్చింది. అది తెమిలాక చేతిలో మిగిలిన శని, ఆదివారాల గురించే ఇదంతా.

దిగేముందు రెండు అరవ వాక్యాలు బట్టీ పట్టాను. బస్టాండు దగ్గర మెస్సులో మొదటిది ప్రయోగించాను. వడ్డించే పెద్దమనిషి ఓపిగ్గా చివరిదాకా విని, "తెలుగులోనే చెప్పప్పా, ముద్ద చల్లారిపోతాది" అన్నాడు. బోర్డులు అరవంలో, బేరాలు తెలుగులో, పక్క బెంచీ మీద పోట్లాట కన్నడంలో. రెండో వాక్యం వాడే అవసరం ఆ ప్రయాణంలో నాకు రానేలేదు.

ముద్ద అంటే రాగిముద్ద. పన్నెండు రూపాయలకు అది, ఉలవచారు, ఆ పైన కాస్త అన్నం. మా గుంటూరులో అన్నం నమిలి తింటాం కాబట్టి దాన్నీ నమిలాను. పళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పెద్దమనిషి నా అవస్థ చూసి, "నమలకూడదప్పా, మింగాల. పంటికి తెలీకుండా కడుపులోకి పోవాల" అన్నాడు. ఎలా మింగాలో తానే ఒక ముద్ద చారులో ముంచి మింగి చూపించాడు. తిండి తినడం కూడా నేర్పించుకోవాల్సి వచ్చిందే అని సిగ్గుపడుతూనే రెండోది వేయించుకున్నాను.

ఆ స్టోర్సులో గుమాస్తా మునిరాజు. ముప్పై ఏళ్లుంటాయి, మంచివాడు, మాట తక్కువ. మూడు రోజులు నా పక్కనే కూర్చుని కీబోర్డు మీద నా వేళ్లు చూస్తూ ఉన్నాడు. శుక్రవారం సాయంత్రం పని అప్పజెప్పాక అడిగాడు.

"సార్, మీరు ఇంటికాడ కూడా ఇది చేస్తారా?"

"ఇంటి దగ్గర ఎందుకు చేస్తాను? ఎవరైనా డబ్బులిస్తారా?"

మునిరాజు మొహం వెలిగింది. "అదే మాట మా ఇంటామెకు చెప్పాల సార్. ఆదివారం మా ఊరికి రాండి."

విషయం ఏమిటంటే, అతని భార్య నాగవేణికి కంప్యూటరు పిచ్చి. పెళ్లికి ముందు కృష్ణగిరిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్లో నేర్చుకుంది. రెండేళ్ల క్రితం వాళ్లు పాత కంప్యూటరు తీసేస్తుంటే తన కుట్టుమిషను అమ్మి అది తెచ్చుకుంది. కుట్టుమిషనైతే కనీసం ఇంటిల్లిపాదికీ జాకెట్లు, లంగాలు కుట్టేది. ఇది ఏమీ కుట్టదు. పైగా పట్టుపురుగుల గదిలో ఒక మూల ఆక్రమించింది. మునిరాజు వాళ్లది పట్టుపురుగుల వ్యవసాయం. ఆ మూలలో ఇంకో వరస తట్టలు పెట్టుకోవచ్చని వాళ్ల నాయన వెంకటప్ప గొణుగుడు.

"ఏం రాస్తుంది దాంట్లో?" అన్నాను.

"పులి మేక ఆట సార్. మిషను మేకల్ని ఆడిస్తాది. మనం పులులు."

ఆ ఆట మా వైపూ ఉంది, పులిజూదం అంటాం. అరుగుమీద సుద్దతో త్రికోణం గీసి, దానికడ్డంగా గీతలు గీస్తారు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకల్ని ఒక్కొక్కటే గీతలు కలిసే చోట పెట్టుకుంటూ రావాలి. పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే పులి దాన్ని తిన్నట్టు. పులులు కదలకుండా చుట్టూ మూసేస్తే మేకలు గెలిచినట్టు.

ఆ చుట్టుపక్కల పులుల్ని ఆడించడంలో వెంకటప్పను మించినవాడు లేడట. కోడలి ఆట గురించి విని ఆయనొక షరతు పెట్టాడు. మిషను మేకలు తన పులుల్ని ఒక్కసారి కట్టిపడేస్తే మిషను ఇంట్లో ఉంటుంది. లేదంటే పోతుంది. రాయకోట నుంచి కొనేవాడు టెంపో తీసుకుని ఆదివారం మధ్యాహ్నం వస్తున్నాడు. నాగవేణి ఒప్పుకుంది.

"సార్, ఓడిపోయినంక ఏడుస్తాది. మీరుంటే, పెద్ద చదువు చదివినాయన కూడా ఇంటికాడ చేయడంట అని సర్దిచెప్పొచ్చు," అన్నాడు మునిరాజు. పిలుపు అందుకన్నమాట. సరేనన్నాను.

కృష్ణగిరి

శనివారం మునిరాజు కృష్ణగిరి వెళ్తుంటే నేనూ బస్సెక్కాను. నాగవేణి ప్రోగ్రామును ఇన్‌స్టిట్యూట్లో కాగితం మీద అచ్చు తీయించి తెమ్మందట. ఇంట్లో ప్రింటరు లేదు.

మామిడికాయల కాలం. కృష్ణగిరి బస్టాండులో దిగగానే ముక్కుకు తగిలేది పెట్రోలు కాదు, మామిడి. లారీలు, గంపలు, గడ్డి పరిచిన బుట్టలు. మా వైపు రసాలు పిండుకుని జుర్రుకుంటాం, ఇక్కడ కోసి ముక్కలు తింటారు. ఒక గంప దగ్గర కూర్చున్నామె పండొకటి చేతిలో పెట్టి, "తిని చూడప్పా, బాగుంటేనే కొను" అంది. కోయడానికి ఆమె కత్తి తీసేలోపే నేను గుంటూరు అలవాటున ముచ్చిక కొరికాను. సొన పెదవికి తగిలి భగ్గుమంది. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, "యాడనుంచి వచ్చినావు?" అని జాలిపడింది. పెదవి వాచిపోయింది. మిగిలిన ప్రయాణమంతా ఆ మూతితోనే చేశాను.

ఇన్‌స్టిట్యూటు ఒక బట్టల కొట్టు మీద మేడ. ముందు గదిలో టైపు మిషన్లు, వెనక గదిలో రెండు కంప్యూటర్లు. నడిపేది సరోజమ్మగారు, యాభై దాటినామె, ముక్కు మీద అద్దాలు. నాగవేణి ఇచ్చిన ఫ్లాపీ మునిరాజు చేతిలోంచి తీసుకుని, "కాసేపు ఆగప్పా, ప్రింటరు పాడుతా ఉండాది" అంది.

పాడవడం అనుకున్నాను. కాదు, పాట. తాలూకాఫీసులో పనిచేసే ఒకాయన ప్రింటరు ముందు కూర్చుని ఉన్నాడు. చుక్కలు పొడుస్తూ అచ్చేసే పాతకాలం ప్రింటరు అది. ఏ అక్షరం కొడితే ఎంత సేపు, ఏ మోత వస్తుందో అన్నీ విని కనిపెట్టి, పెళ్లిలో తాళి కట్టే వేళ వాయించే డోలు వరస దానిచేత వాయిస్తున్నాడు. కాగితం మీద చూస్తే అర్థంలేని గీతలూ చుక్కలూ. చెవికి మాత్రం గట్టిమేళం. చివర్లో వేగం అందుకుంటుంటే ముందు గదిలో టైపు కొట్టే ఆడపిల్లలు చేతులాపి విన్నారు.

"ఇది దేనికండీ?" అన్నాను.

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. "అంటే?"

"దేనికి ఉపయోగం?"

"వింటిరి కదప్పా," అన్నాడు. కాగితం చింపి ఉండ చుట్టి బుట్టలో వేసి, ఎక్కడో ఒక దెబ్బ ఆలస్యంగా పడుతోందని మళ్లీ కీబోర్డు ముందుకు జరిగాడు.

నేను కంపెనీలో అలాంటి ప్రింటర్ల ముందు ఏళ్ల తరబడి నిలబడ్డాను. మోత భరించలేక చెవుల్లో దూది పెట్టుకునేవాణ్ణి. ఆ మోతలో డోలు ఉందని ఒక్కనాడూ తట్టలేదు. 

సరోజమ్మగారు అచ్చు తీసిన కాగితాలు మడతపెట్టి ఇస్తూ మునిరాజుతో, "అమ్మేస్తారంట కదా మిషను. నాగవేణి చెప్పింది. మిషను ఎత్తుకుపొయ్యేవాళ్లను చూసినాను కానీ, ఆ పిల్ల తలలో ఆట ఎత్తుకుపొయ్యేవాళ్లను చూళ్లేదు" అంది. మునిరాజు తల వంచుకుని మెట్లు దిగాడు.  తిరుగు బస్సులో కాగితాలు నలగకుండా ఒళ్లో పెట్టుకున్నాడు.

అత్తిముగం

ఆదివారం పొద్దున్నే మునిరాజు వాళ్ల ఊరు అత్తిముగం చేరాం. దోవపొడుగునా టమాటా తోటలు, మల్బరీ మళ్లు. మునిరాజు ఇల్లు పెంకుటిల్లు, ముందు విశాలమైన వసారా. వెంకటప్ప నన్ను చూడగానే, "ఏమప్పా, మామిడికాయ కరిచినావా?" అన్నాడు. ఆయన భార్య ఎల్లమ్మ లోపలికెళ్లి వెన్న తెచ్చి పెదవికి రాసుకోమంది. రాసుకున్నాక ఆ వెన్న వాసనకు ఆకలేసింది. ఉప్మా పెట్టారు.

నాగవేణి పట్టుపురుగుల గదిలో ఉంది. తట్టల నిండా తెల్లటి పురుగులు ఆకు నములుతున్నాయి. చిన్న వాన కురుస్తున్నట్టు చప్పుడు. మూలలో, తడిబట్ట కప్పిన కిటికీ కింద కంప్యూటరు. ఆమె పొట్టిగా, సన్నగా ఉంది, చేతికి ఆకు మరకలు. "రాన్నా" అని స్టూలు జరిపింది. ప్రోగ్రాము తెరిచి చూపించింది.

నా ఉద్యోగం అదే కాబట్టి తప్పులు వెతకబోయాను. కాసేపటికి వెతకడం మరిచిపోయాను. ప్రతి మేకకూ ఒక పేరు ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో. బొల్లిది, కుంటిది, కొమ్ముల్లేనిది. ఆటకు ఆ పేర్లతో పనేమీ లేదు, తెరమీద కూడా కనిపించవు. ఎందుకు పెట్టావమ్మా అంటే, "ఉట్టి నెంబరైతే పోయినా బాధుండదు కదన్నా" అంది.

వెంకటప్ప గుమ్మంలో నిలబడి, "మొదలుపెడదామా?" అన్నాడు. స్టూలు మీద కూర్చుని వేలు చాచాడు. అప్పుడు కరెంటు పోయింది.

ఆదివారం కరెంటు పోతే సాయంత్రానికి గానీ నమ్మకం లేదట. కొనేవాడు మధ్యాహ్నం వస్తాడు. మునిరాజు నావైపు చూశాడు. నాగవేణి మాత్రం కంగారు పడలేదు. కృష్ణగిరి కాగితాలు అందుకుని, "కరెంటు లేకపోతే ఏం మామా, మనమే నడిపిస్తాము" అంది.

ఇన్‌స్టిట్యూట్లో వాళ్లకది మామూలేనట. ఒక్క మిషను, పదిమంది పిల్లలు, ఎప్పుడూ కరెంటు కోత. అందుకని ప్రోగ్రామును మనుషులే నడిపేవారు. ఒకరు చదవాలి, ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క పట్టుకోవాలి. ఎవరూ సొంత తెలివి వాడకూడదు. కాగితం చెప్పిందే చెయ్యాలి.

ఎల్లమ్మ వసారా గచ్చు మీద సుద్దతో ఆటపటం గీసింది. చింతగింజలు మేకలు, గులకరాళ్లు పులులు. మునిరాజు పలక పట్టుకుని ఏ చోట ఏముందో రాయాలి. ఎల్లమ్మ చచ్చిన మేకల్ని ఒళ్లో వేసుకుని ఎన్నో చెప్పాలి. నాగవేణి కాగితం చదువుతుంది. రెండు ఎత్తులు సరిసమానంగా ఉంటే మిషను చీటీ వేస్తుందట, ఆ చీటీ తీసే పని నాది. హైదరాబాదు నుంచి వచ్చిన ప్రోగ్రామరుకు దక్కిన ఉద్యోగం అది. ఎల్లమ్మ అందరికన్నా ముందు సర్దుకుని కూర్చుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఆట చూస్తోంది గానీ ఎవరూ ఆడించలేదట.

ఆట నెమ్మదిగా సాగింది. నాగవేణి ఒక్కో వాక్యం చదువుతుంది, మునిరాజు పలక చూసి ఖాళీయా కాదా చెప్తాడు. ఒక్క గింజ కదలడానికి ఒక బీడీ కాలేంత సేపు. కానీ నా కళ్లముందు ఒక విచిత్రం జరుగుతోంది. మేము నలుగురం ఏమీ ఆలోచించడం లేదు. అయినా మా మధ్యలోంచి ఒక ఆలోచన నడుచుకుంటూ పోతోంది. గింజలు అంచుల్లో చేరుతున్నాయి, ఒకదాని వెనక ఒకటి కాపు కాస్తున్నాయి. నేను రోజూ చేసే పని లోపల ఇలా ఉంటుందా అనుకున్నాను. వెంకటప్ప కూడా బీడీ వెలిగించడం మరిచిపోయి చేతిలోనే పట్టుకున్నాడు.

తరువాత ఆయన తన ఘనత చూపించాడు. ఒక పులిని జరిపి ఒకేసారి రెండు మేకల మీదికి తెచ్చాడు. ఒకదాన్నే కాపాడగలం. రెండూ సమానం కాబట్టి చీటీ. నేను తీశాను. వెంకటప్ప పులి రెండో మేక మీదుగా దూకింది. ఆయన గింజ తీసి ఎల్లమ్మ ఒళ్లో వేసి, వెంటనే చెయ్యి చాచాడు.

"ఇట్లియ్యి. తొలి మేక."

వాళ్ల ఊళ్లో పులి తిన్న మొదటి మేకను తిరిగిచ్చేస్తారట. ఎల్లమ్మ గుప్పిట మూసింది.

"కాగితంలో ఉందా అమ్మా?" అని కోడల్ని అడిగింది.

నాగవేణి గబగబా కాగితాలు తిరగేసింది. "లేదత్తా."

"లేదంట," అంది ఎల్లమ్మ మొగుడితో. ఆ ఒక్క మాట అనడంలో ఆమెకు ఎంత సుఖం ఉందో అక్కడున్న అందరికీ తెలిసింది.

"కాగితానికేం తెలుసు? ఇయ్యి."

"సొంత తెలివి వాడకూడదని చెప్పింది కదా."

మునిరాజు వాచీ చూసుకుని, "ఉండనీ నాయనా. మేక పోయింది, నువ్వు గెలుస్తావు, అయిపోతాది" అన్నాడు. వెంకటప్ప మొహం ఎర్రబడింది. "తొలి మేకను మింగి గెలిచేది ఒక గెలుపా? నేను ఆడను," అని గులకరాళ్లు వదిలేసి గోడకానుకున్నాడు.

అయిపోయింది అనుకున్నాను. మేకలు కట్టిపడేయలేదు కాబట్టి షరతు ప్రకారం మిషను పోవాల్సిందే. సర్దిచెప్పడానికి గొంతు సవరించుకుని నాగవేణి వైపు తిరిగాను. ఆమె నవ్వుతోంది. తప్పిపోయిన వస్తువు దొరికినట్టు కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని నవ్వుతోంది.

"మామా, తిరిగిచ్చిన మేకను యాడ పెడతారు?"

"యాడ చచ్చిందో ఆడనే," అన్నాడాయన అటు తిరిగే.

"అయితే నీ పులి మళ్లీ వెనక్కి దూకి దాన్నే తినొచ్చు కదా?"

"అడ్డం పెట్టుకో."

"ఆడ అడ్డం పెడితే ఈ పక్క ఇంకోటి పోతాది. ఒకటి ఇచ్చి ఒకటి తీసుకున్నట్లే కదా మామా."

వెంకటప్ప ఇటు తిరిగాడు. పటం వంక చూశాడు. "అట్ల ఎవురూ తినరు."

"ఎందుకని?"

"బాగుండదు."

"బాగుండదు అనేది దానికి ఎట్ల చెప్పేది?"

ఆయన పటం మీదికి వంగాడు. ఏళ్ల తరబడి ఆడిన ఆటలో తనకు తెలియని చోటు ఒకటి ఉందని అప్పుడే చూసినట్టున్నాడు. కిందికి జరిగి పులిని వెనక్కి పెట్టి మళ్లీ దూకించాడు. మళ్లీ పెట్టాడు. "ఆ పులి తినకూడదు," అన్నాడు చివరికి.

"ఎంతసేపు?" అంది నాగవేణి.

"మిగతా రెండు పులులు తినొచ్చునా?" అంది ఎల్లమ్మ.

"అవేమన్నా వేరే ఇంటివా? అవీ తినకూడదు."

"అయితే ఆ మేకను ఎవురూ తినరు. అది దేవుని మేక అయిపోతాది. దాన్ని అడ్డం పెట్టుకుని అన్ని మేకలూ బతికిపోతాయి," అంది ఎల్లమ్మ. నిజమే. ఆడి చూశాం. పులులు పాపం ఏడ్చాయి.

కాగితం మీద వాక్యాలకు పది, ఇరవై, ముప్పై అని నెంబర్లున్నాయి. మధ్యలో ఆ జాగా ఎందుకని వెంకటప్ప అడిగాడు. "ఏదో ఒకటి మరిచిపోయింటాము కదా మామా, దానికి," అంది కోడలు. ఆయన ఆ జాగాలను వేలితో తడిమి చూశాడు. పులి ఒక్కసారి జరిగేదాకా ఆ మేకను తినకూడదన్నారు, మేక ఒక అడుగు వేసేదాకా అన్నారు, నేను కూడా ఒకటన్నాను, అది పనికిరాదని ఎల్లమ్మ చిటికెలో తేల్చేసింది. నాగవేణి రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది. ఎల్లమ్మ పురుగులకు ఆకు వేయడానికి లేచి, "నేను లేకుండా మేకను ఎవురూ ముట్టకూడదు" అని చెప్పి పోయి, చేతులు కూడా కడగకుండా తిరిగొచ్చింది. మునిరాజు పలక తుడిచి రాయడంలో మునిగి వాచీ సంగతే మరిచాడు. అంత ఆనందంగా పనిచేస్తున్న మనుషుల్ని నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు. 

లోపల గదిలో కరెంటు వచ్చి కంప్యూటరు ఫ్యాను తిరిగింది. ఎవరూ లేవలేదు. ఇంటి ముందు టెంపో ఆగింది.

దిగినతను లావుగా, చెమటలు కక్కుతూ వచ్చాడు. "మిషను యాడుండాది? ఎత్తుకుని పోతాను, పనుంది" అన్నాడు. మునిరాజు తండ్రి వైపు చూశాడు. నాగవేణి పెన్సిలు ఆపింది. 

"మీ రాయకోటలో తొలి మేకను తిరిగిస్తారా?" అన్నాడు వెంకటప్ప.

అతను పటం వైపు వంగి చూశాడు. "ఇస్తాము. ఇస్తే మాత్రం ఆడనే పెట్టము. చేతికిస్తాము. మళ్లీ దాని తూరి వచ్చినప్పుడు యాడ కావాల్నో ఆడ పెట్టుకుంటారు."

 పొద్దుట్నుంచి మేం పడ్డ చిక్కు అందులో లేనే లేదు. "అది మీ ఊరి ఆట," అన్నాడు వెంకటప్ప ఒప్పుకోలేక. నాగవేణి మాత్రం మొదటి కాగితం తీసి, పదో నెంబరు వాక్యానికి పైన సన్నగా ఐదు అని వేసి రాసింది. ఆట మొదలుపెట్టే ముందు మిషను ఆడేవాళ్లను అడుగుతుంది, మీది ఏ ఊరు అని. ఊరు చెప్తే ఆ ఊరి పద్ధతిలో ఆడుతుంది. ఆమె అది చదివి వినిపిస్తే వెంకటప్ప ఒకసారి కాదు, రెండుసార్లు చదివించుకున్నాడు.

"నా టెంపో ఖాళీగా పోవాల్నా?" అన్నాడు కొనేవాడు, సంగతి అర్థమై.

"టమాటాలుండాయి, ఏసుకుని పోదువు. ముందు కూర్చోప్పా. పులులు నువ్వు పట్టు," అని వెంకటప్ప మూడు గులకరాళ్లూ అతని చేతిలో పెట్టాడు. తరువాత పటం ఆ పక్కనుంచి లేచి, ఈ పక్కకు వచ్చి, కోడలి పక్కన గచ్చు మీద చతికిలబడి మేకల్ని దగ్గరికి లాక్కున్నాడు.